కుంగుబాటు చికిత్స పరిశోధనలు: తేలినవీ తేలనివీ అన్నీ బయటికి రావాలి

భారత వైద్య పరిశోధన మండలి డైరెక్టర్ జనరల్ గారికి,

కుంగుబాటును పట్టిచ్చే రక్తపరీక్ష లేదు, స్కానింగూ లేదు. రెండు వారాలకు తగ్గకుండా రోజులో ఎక్కువసేపు దిగులు కమ్ముకుని ఉండటం, ఎప్పుడూ ఇష్టంగా చేసే పనుల మీద కూడా ఆసక్తి పోవడం ఈ జబ్బు ముఖ్య లక్షణాలు. నిద్రా ఆకలీ తప్పడం, ఒంట్లో సత్తువ లేకపోవడం, దేనిమీదా మనసు నిలవకపోవడం, ఎందుకూ పనికిరానన్న భావన, చావు ఆలోచనలు వీటికి తోడవుతాయి. లెక్కలోకి తీసుకునే తొమ్మిది లక్షణాల్లో కనీసం ఐదు ఉండి, ముఖ్య లక్షణాలు రెండింటిలో ఒకటైనా వాటిలో ఉండి, మనిషి రోజువారీ బతుకు దెబ్బతింటే వైద్యులు దాన్ని కుంగుబాటు జబ్బుగా నిర్ధారిస్తారు. ఇదంతా రోగిని అడిగి, గమనించి తెలుసుకునేదే. ఇచ్చిన మందు పనిచేసిందా లేదా అన్నదీ మళ్ళీ అడిగే తెలుసుకోవాలి.

కొలత ఇలా మాటల మీద ఆధారపడినప్పుడు పరిశోధన దారి తప్పడం సులువు. తప్పిన సంగతి బయటపడటం కష్టం. గత డెబ్బై ఏళ్ళలో కుంగుబాటు చికిత్స మీద జరిగిన పరిశోధనల చరిత్ర చూస్తే, మందుల లోపం కంటే ఫలితాలను దాచిపెట్టడం వల్ల రోగులకు జరిగిన నష్టం తక్కువేమీ కాదని తెలుస్తుంది. ఆ నష్టాన్ని ఆపగల సాధనం మన దేశంలో ఒకటి ఉంది. అది క్లినికల్ ట్రయల్స్ జాతీయ నమోదు పట్టిక, సీటీఆర్ఐ. దాన్ని నడిపేది మండలి. ఈ లేఖ మండలికి రావడానికి కారణం అదే.

మొదటి కుంగుబాటు మందులు కుంగుబాటు కోసం వెతికితే దొరికినవి కావు. 1952లో న్యూయార్క్ నగరంలోని సీ వ్యూ ఆసుపత్రిలో క్షయ రోగులకు ఇప్రోనియజిడ్ అనే మందు ఇచ్చి చూశారు. మంచం పట్టిన వాళ్ళు లేచి తిరగడం, హుషారుగా మాట్లాడటం మొదలుపెట్టారు. 1957లో నేథన్ క్లైన్ అనే మానసిక వైద్యుడు అదే మందును కుంగుబాటుకు వాడవచ్చని చూపించాడు. అదే కాలంలో స్విట్జర్లాండ్‌లోని మ్యున్‌స్టర్‌లింగన్ ఆసుపత్రిలో రోలండ్ కూన్ స్కిజోఫ్రీనియా కోసం పంపిన ఒక రసాయనాన్ని పరీక్షిస్తున్నాడు. ఆ జబ్బుకు అది పనికి రాలేదు గాని, దిగులుతో మూగబోయిన రోగుల్లో మార్పు కనిపించింది. ఇమిప్రమిన్ అలా పుట్టింది. రోగుల దగ్గర కూర్చుని ఓపికగా గమనించిన వైద్యుల వల్లనే ఈ రెండు మందులూ దొరికాయి. ఆ గమనింపు విలువ తక్కువది కాదు. అయితే అది ఒక్కటే చాలదని కూడా ఆ దశాబ్దంలోనే తెలిసింది.

అందుకు మన నేల మీది మొక్కే ఒక ఉదాహరణ. సర్పగంధిని రక్తపోటుకూ, మతిభ్రమణానికీ వాడవచ్చని 1931లో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ ప్రచురించారు. దాని నుంచి తీసిన రిసర్పిన్ 1950ల్లో ప్రపంచమంతా రక్తపోటు మందుగా వాడుకలోకి వచ్చింది. దాన్ని వాడినవాళ్ళలో కొందరు కుంగుబాటులోకి జారుతున్నారని వైద్యులు రాయడం మొదలుపెట్టారు. రిసర్పిన్ మెదడులో సెరటోనిన్, నార్‌ఎడ్రినలిన్ లాంటి రసాయనాలను తగ్గిస్తుంది కాబట్టి, ఆ రసాయనాలు తగ్గడమే కుంగుబాటుకు కారణమన్న సిద్ధాంతానికి ఈ నివేదికలు ఊతమిచ్చాయి. కాని 1955లో లండన్‌లో డేవిస్, షెపర్డ్ అనే ఇద్దరు పరిశోధకులు ఆందోళన, కుంగుబాటు ఉన్న రోగులను చీటీలు తీసినట్టు రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు రిసర్పిన్, రెండో జట్టుకు మందు లేని మాత్ర ఇచ్చి చూశారు. రిసర్పిన్ తీసుకున్నవాళ్ళే ఎక్కువ మెరుగయ్యారు. మానసిక వైద్యంలో జరిగిన తొలి నియంత్రిత పరీక్షల్లో ఇది ఒకటి. సిద్ధాంతానికి ఎదురు నిలిచిన ఈ ఫలితం చాలాకాలం ఎవరికీ గుర్తు రాలేదు.

మందు లేని మాత్రతో, అంటే ప్లాసిబోతో, పోల్చి చూడటం ఎందుకు తప్పదో కుంగుబాటు విషయంలో ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఈ జబ్బు కెరటాల్లా వచ్చిపోతుంది. మరీ కుంగిపోయినప్పుడే మనిషి ఆసుపత్రికి వస్తాడు. ఆ దశ నుంచి కొంతమంది మందు లేకపోయినా కొన్ని వారాల్లో తేరుకుంటారు. దానికితోడు ట్రయల్‌లో చేరిన రోగిని ఎవరో ఒకరు వారం వారం కూర్చోబెట్టి ఎలా ఉన్నావని అడుగుతారు, చెప్పింది వింటారు. ఏళ్ళ తరబడి ఆ మాట అడిగే దిక్కులేని మనిషికి అదే సగం వైద్యం. అందువల్ల ప్లాసిబో తీసుకున్న జట్టులో కూడా మూడో వంతుకు పైగా రోగులు మెరుగుపడటం మామూలే. ఆ మెరుగును తీసేసి మిగిలినదాన్నే మందు ఘనతగా లెక్కించాలి.

ఈ లెక్క నిజాయతీగా వేసిన తొలి పెద్ద పరీక్ష బ్రిటన్ ప్రభుత్వ వైద్య పరిశోధన మండలి చేయించినది. 1965లో ప్రచురితమైంది. కుంగుబాటుతో ఆసుపత్రిలో చేరిన 250 మందిని నాలుగు జట్లు చేశారు. ఒక జట్టుకు కరెంటు చికిత్స, ఒక జట్టుకు ఇమిప్రమిన్, మరో జట్టుకు ఫినెల్‌జిన్ అనే మందు, నాలుగో జట్టుకు ప్లాసిబో. నాలుగు వారాల తర్వాత కరెంటు చికిత్స పొందినవాళ్ళలో 71 శాతం, ఇమిప్రమిన్ వాడినవాళ్ళలో 52 శాతం తేరుకున్నారు. ప్లాసిబో జట్టులో 39 శాతం తేరుకుంటే, ఫినెల్‌జిన్ జట్టులో తేరుకున్నది 30 శాతమే. గెలిచినవీ ఓడినవీ ఒకే పత్రంలో, ఒకే పట్టికలో అచ్చయ్యాయి. ఏ మందుల కంపెనీకీ వాటా లేని పరీక్ష కాబట్టి అది సాధ్యమైంది. ఆ తర్వాతి కాలంలో ట్రయల్స్ ఖర్చు భరించే పని చాలావరకు తయారీదారుల చేతుల్లోకి పోయింది. ఏ ఫలితం అచ్చువేయాలి, ఏది వద్దు అన్న నిర్ణయం కూడా వాళ్ళ చేతుల్లోకే పోయింది.

కొలబద్ద సంగతీ కొంచెం చూడాలి. ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో పనిచేసిన మాక్స్ హామిల్టన్ 1960లో ఒక ప్రశ్నావళి ప్రచురించాడు. పదిహేడు అంశాలు, మొత్తం 52 మార్కులు. వైద్యుడు రోగితో మాట్లాడి ఒక్కొక్క అంశానికి మార్కు వేస్తాడు. మార్కు సగానికి తగ్గితే మందు పట్టిందని, 7 లేదా అంతకంటే తక్కువకు దిగితే జబ్బు నెమ్మదించిందని లెక్క. దశాబ్దాలపాటు కుంగుబాటు మందుల భవిష్యత్తును ఈ మార్కులే తేల్చాయి. ఇందులో మూడు అంశాలు నిద్రకు సంబంధించినవే. వాటికి మొత్తం ఆరు మార్కులున్నాయి. అంటే, దిగులు పిసరంత తగ్గించకపోయినా బాగా నిద్ర పట్టించే మందు ఈ కొలతలో రెండు మూడు మార్కులు గెలవగలదు. ఈ రెండు మూడు మార్కుల తేడా ఎంత పెద్దదో తర్వాతి లెక్కల్లో తెలుస్తుంది.

1987 చివర్లో అమెరికాలో ఫ్లుయోక్సెటిన్‌కు అనుమతి దొరికింది. దాని వెనక అదే కోవకు చెందిన మందులు వరసగా వచ్చాయి. పాత మందుల కంటే ఇవి ఎక్కువ మోతాదు మింగినా ప్రాణానికి ముప్పు తక్కువ. ఆ మేలు నిజమైనది, చిన్నది కాదు. కాని ఇవి ఎంత బాగా పనిచేస్తాయన్న ప్రశ్నకు వైద్య పత్రికలు చెప్పిన జవాబు మాత్రం సగమే నిజమని 2008లో తేలింది. ఎరిక్ టర్నర్ అనే వైద్యుడు అంతకుముందు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థలో పనిచేసినవాడు. అనుమతి కోసం కంపెనీలు ఆ సంస్థకు తప్పనిసరిగా సమర్పించిన నివేదికలను, పత్రికల్లో అచ్చయిన వ్యాసాలను పక్కపక్కన పెట్టి చూశాడు. పన్నెండు మందులు, 74 పరీక్షలు, 12,564 మంది రోగులు. నియంత్రణ సంస్థ అంచనాలో 38 పరీక్షలు మందుకు అనుకూలంగా వచ్చాయి. వాటిలో 37 అచ్చయ్యాయి. మిగిలిన 36 పరీక్షలు మందుకు అనుకూలం కానివి, లేదా ఎటూ తేలనివి. వాటిలో 22 అసలు అచ్చే కాలేదు. 11 మందు పనిచేసినట్టు అర్థం వచ్చేలా అచ్చయ్యాయి. ఉన్నది ఉన్నట్టు అచ్చయినవి మూడంటే మూడు.

పత్రికలు మాత్రమే చదివే వైద్యుడికి ఈ మందుల మీద జరిగిన పరీక్షల్లో 94 శాతం విజయవంతమైనట్టు కనిపించేది. నిజానికి గెలిచినవి 51 శాతం. విజయవాడలోనో వరంగల్‌లోనో మందుచీటీ రాసే వైద్యుడు అబద్ధం ఆడలేదు. చదివిన దాన్ని నమ్మాడు. ఆ 22 పరీక్షల్లో పాల్గొన్న రోగులు కూడా తమ బాధ ఇంకొకరికి పనికొస్తుందనే సంతకం పెట్టారు. వాళ్ళ రక్తం, వాళ్ళ వారాలు, వాళ్ళు ప్లాసిబో మీద భరించిన దిగులు ఎవరికీ పనికి రాకుండా పోయాయి. ఒక్క మందు పనిచేయకపోవడం కంటే ఇది పెద్ద అన్యాయం.

పిల్లల విషయంలో ఈ అన్యాయం ప్రాణాల మీదికి వచ్చింది. కుంగుబాటు ఉన్న కౌమార వయస్కులకు ఇదే కోవకు చెందిన పారోక్సెటిన్ బాగా పనిచేసిందని, పెద్దగా ఇబ్బందులు లేవని 2001లో ఒక వ్యాసం అచ్చయింది. 329వ అధ్యయనంగా అది పేరు మోసింది. అసలు సమాచారాన్ని బయటికి రప్పించి వేరే పరిశోధకులు 2015లో తిరిగి లెక్కిస్తే, మందు ప్లాసిబో కంటే మెరుగేమీ కాదని, ఆత్మహత్య ఆలోచనలూ ప్రయత్నాలూ మందు జట్టులో ఎక్కువగా ఉన్నాయని తేలింది. ఈ లోపల 2004లోనే అమెరికా నియంత్రణ సంస్థ పిల్లల విషయంలో ఈ కోవ మందులన్నిటి మీదా అత్యంత తీవ్రమైన హెచ్చరిక వేయించింది. పద్దెనిమిదేళ్ళలోపు వాళ్ళకు పారోక్సెటిన్‌ను అక్రమంగా ప్రచారం చేయడం కూడా కలిసిన కేసుల్లో తయారీదారు గ్లాక్సోస్మిత్‌క్లైన్ 2012లో 300 కోట్ల డాలర్లు చెల్లించింది. డబ్బు కట్టడంతో కంపెనీ లెక్క తీరింది. తప్పుడు వ్యాసానికీ తిరిగి వేసిన లెక్కకూ మధ్య గడిచిన పద్నాలుగేళ్ళ నష్టం మాత్రం పూడలేదు.

ఇంతమాత్రం చేత కుంగుబాటు మందులన్నీ వట్టివనుకోవడం ఇంకో తప్పు. 2008లోనే ఇర్వింగ్ కర్ష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త నాలుగు మందుల పరీక్షలను అచ్చుకానివాటితో సహా కలిపి లెక్కించాడు. మందుకూ ప్లాసిబోకూ హామిల్టన్ కొలతలో సగటు తేడా 1.8 మార్కులని చూపించాడు. బ్రిటన్ మార్గదర్శకాలు అప్పట్లో కనీసం మూడు మార్కుల తేడా ఉంటేనే రోగికి తెలిసే మేలు అని భావించేవి. జబ్బు బాగా తీవ్రంగా ఉన్నవాళ్ళలోనే ఆ గీత దాటింది. 2018లో ఆండ్రియా సిప్రియాని బృందం అచ్చయినవీ కానివీ వెతికి 522 పరీక్షలను, 1,16,477 మంది రోగుల సమాచారాన్ని ఒకచోట చేర్చింది. పరిశీలించిన 21 మందులూ ప్లాసిబో కంటే మెరుగే అని తేలింది. ఈ రెండు ఫలితాలూ ఒకదాన్నొకటి కొట్టేసేవి కావు. మందులు పనిచేస్తాయి. సగటున వాటి మేలు చిన్నదే. కొందరికి చాలా పెద్దది, కొందరికి శూన్యం. ఎవరికి ఏది పడుతుందో ముందే చెప్పగల పరీక్ష ఇప్పటికీ లేదు.

మందు ఎలా పనిచేస్తుందన్నది వేరే ప్రశ్న. సెరటోనిన్ తక్కువవడమే కుంగుబాటుకు కారణమన్న మాటకు గట్టి ఆధారం లేదని 2022లో జోవన్నా మాంక్రీఫ్ బృందం చేసిన సమీక్ష చెప్పింది. అది చదివి మందు మానేసినవాళ్ళు ఉంటే అది ప్రమాదకరమైన అపార్థం. కారణం తెలియకపోయినా మేలు తెలిసిన మందులు వైద్యంలో ఎన్నో ఉన్నాయి. మందు ఆపడం కూడా పరిశోధించవలసిన విషయమే. బ్రిటన్‌లో తొమ్మిది నెలలకు పైగా మందు వాడి కుదుటపడి, ఆపాలనుకున్న 478 మందిని రెండు జట్లు చేసిన ట్రయల్ 2021లో ప్రచురితమైంది. మందు కొనసాగించిన జట్టులో ఏడాదిలోపు 39 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది. మెల్లగా తగ్గించి ఆపేసిన జట్టులో 56 శాతం మందికి తిరగబెట్టింది. అంటే ఆపినవాళ్ళలోనూ చాలామంది బాగానే ఉన్నారు, కొనసాగించినవాళ్ళలోనూ కొందరు జారిపోయారు. వైద్యుడూ రోగీ కూర్చుని తేల్చుకోవలసిన విషయానికి కావలసిన సమాచారం ఇలాంటిది. మన దేశంలో, మన మోతాదులతో, మందులు మధ్యలో దొరకని మన పల్లెల్లో ఇలాంటి పరీక్షలు జరగాలి.

ట్రయల్స్‌లో చేర్చుకునే రోగులకూ వైద్యుడి గది ముందు కూర్చునే రోగులకూ పోలిక తక్కువ. ఆత్మహత్య ఆలోచనలున్నవాళ్ళను, మద్యం అలవాటున్నవాళ్ళను, మధుమేహం, గుండెజబ్బు లాంటివి తోడైనవాళ్ళను మందుల కంపెనీల పరీక్షలు చాలావరకు పక్కన పెడతాయి. ఈ లోటు తీర్చడానికి అమెరికా ప్రభుత్వం 2001 నుంచి 2006 దాకా స్టార్‌డి అనే భారీ అధ్యయనం నడిపింది. మామూలు ఆసుపత్రులకు వచ్చిన 4,041 మందిని చేర్చుకున్నారు. వాళ్ళలో మామూలు మందుల ట్రయల్‌కు అర్హులయ్యేవాళ్ళు ఐదుగురిలో ఒకరే అని తర్వాత లెక్క తేలింది. మొదటి మందు సిటలోప్రామ్. పడకపోతే రెండోది, మూడోది, నాలుగోది. మొదటి మెట్టులో సుమారు మూడో వంతు మంది కుదుటపడ్డారు. నాలుగు మెట్లూ ఎక్కితే మొత్తం 67 శాతం మంది కుదుటపడతారని 2006లో ప్రకటించారు. ఆ అంకె పదిహేనేళ్ళకు పైగా పాఠ్యపుస్తకాల్లో నిలిచింది. 2023లో ఎడ్ పిగట్ బృందం అధ్యయనం మొదట రాసుకున్న పద్ధతి ప్రకారమే అసలు సమాచారాన్ని తిరిగి లెక్కిస్తే వచ్చింది 35 శాతం. తమ లెక్కే సరైనదని అసలు పరిశోధకులు వాదించారు. ఎవరి లెక్క ఎంత సరైనదన్న వాదన సాగవచ్చు. ఆ వాదన సాగడానికైనా ముడి సమాచారం బయటి పరిశోధకులకు అందింది, అదీ ముఖ్యం. ప్రజాధనంతో నడిచిన అధ్యయనం కాబట్టి అందింది.

కెటమిన్ సంగతి క్లుప్తంగా. మత్తుమందుగా వాడే ఈ ఔషధం తక్కువ మోతాదులో ఇస్తే వారాల్లో కాదు, గంటల్లోనే దిగులు తగ్గుతుందని 2000లో ఏడుగురు రోగుల మీద జరిగిన చిన్న పరీక్ష చూపింది. దాని నుంచి వచ్చిన ముక్కులో కొట్టుకునే ఎస్కెటమిన్‌కు 2019లో అమెరికాలో అనుమతి దొరికింది. తీసుకున్న కాసేపటికే తేలిపోతున్నట్టు అనిపించడం వల్ల తనకు మందు పడిందో ఉప్పునీరు పడిందో రోగికి తెలిసిపోతుంది. అలాంటప్పుడు ప్లాసిబో పోలిక బలహీనపడుతుంది. ఆశ పెట్టుకోవలసిన మందే. జాగ్రత్తగా చదవవలసిన ఫలితాలు.

మన ప్రాంతానికి ఎక్కువ పనికొచ్చే పరిశోధన మాత్రల మీద జరిగినది కాదు. నిమ్‌హాన్స్ 2015-16లో పన్నెండు రాష్ట్రాల్లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్ళలో ఇరవై మందికి ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు కుంగుబాటుకు గురవుతారు. వాళ్ళలో అత్యధికులకు చికిత్స అందడం లేదు. ఆ పన్నెండు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. ఎర్రగడ్డ, విశాఖ మానసిక వైద్యశాలలకు చేరేవాళ్ళు జబ్బు బాగా ముదిరినవాళ్ళు. మిగిలినవాళ్ళు ఒళ్ళు నొప్పులు, గుండె దడ, కడుపులో మంట, నిద్ర లేమి అంటూ ఆర్‌ఎంపీ దగ్గరికో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికో వెళ్ళి సెలైన్, బీ కాంప్లెక్స్ ఎక్కించుకుని వస్తారు. ఇది మన దగ్గరే కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్నాలుగు దేశాల్లో జరిపిన అధ్యయనం సమాచారాన్ని 1999లో విశ్లేషిస్తే, కుంగుబాటు ఉన్న 1,146 మందిలో 69 శాతం మంది వైద్యుడి ముందు చెప్పుకున్నవి శరీర బాధలే. ఆ కేంద్రాల్లో బెంగళూరు ఒకటి.

ఈ మనుషులు వెళ్ళే చోటికే చికిత్సను తీసుకువెళ్ళవచ్చా అన్న ప్రశ్న గోవాలో పరీక్షకు నిలిచింది. మానసిక వైద్యుడు విక్రమ్ పటేల్, సంగాత్ సంస్థ కలిసి చేసిన మానస్ ట్రయల్ 2010లో ప్రచురితమైంది. ఇరవై నాలుగు వైద్య కేంద్రాల్లో సగం ప్రభుత్వానివి, సగం ప్రైవేటువి. మానసిక వైద్యంలో డిగ్రీ లేని స్థానికులకు శిక్షణ ఇచ్చి సలహాదారులుగా పెట్టారు. ప్రభుత్వ కేంద్రాల్లో వాళ్ళ సాయం పొందిన రోగులు పొందనివాళ్ళ కంటే బాగా కోలుకున్నారు. ప్రైవేటు కేంద్రాల్లో తేడా కనిపించలేదు. పరిశోధకులు రెండూ ప్రచురించారు. అదే బాటలో 2016 చివర్లో వెలువడిన మరో ట్రయల్‌లో, పది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చిన తీవ్రమైన కుంగుబాటు రోగులు 495 మందిని తీసుకున్నారు. సలహాదారు ఆరు నుంచి ఎనిమిది సార్లు కలిసి, రోగి మానేసిన పనులను ఒక్కొక్కటిగా తిరిగి మొదలుపెట్టేలా, ఎదురైన చిక్కులను విడదీసి చూసేలా సాయం చేశాడు. మూడు నెలల తర్వాత ఆ సాయం పొందినవాళ్ళలో 64 శాతం, పొందనివాళ్ళలో 39 శాతం కుదుటపడ్డారు. ఏడాది తర్వాత చూసినా మేలు నిలిచే ఉంది.

పాకిస్తాన్‌లోని రావల్పిండి గ్రామాల్లో అతీఫ్ రహ్మాన్ బృందం లేడీ హెల్త్ వర్కర్ల చేత గర్భిణులకూ బాలింతలకూ ఇలాంటి సాయమే చేయించింది. 2008లో వచ్చిన ఫలితాల్లో, బిడ్డకు ఆరు నెలలు వచ్చేసరికి సాయం పొందిన తల్లుల్లో 23 శాతం మంది, మామూలు సందర్శనలు మాత్రమే పొందిన తల్లుల్లో 53 శాతం మంది కుంగుబాటులో ఉన్నారు. బిడ్డల ఎత్తు, బరువు పెరుగుతాయన్నది ఆ ట్రయల్ ప్రధాన ఆశ. అది నెరవేరలేదని కూడా అదే వ్యాసంలో రాశారు. తల్లికి మేలైందన్న మాటను నమ్మగలగడానికి బిడ్డ విషయంలో చెప్పిన ఆ నిజమే పూచీ.

పశ్చిమ గోదావరి జిల్లాలో కూడా ఒక ప్రయత్నం జరిగింది. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ నడిపిన స్మార్ట్ మెంటల్ హెల్త్ కార్యక్రమంలో ఆశా కార్యకర్తలు ట్యాబ్‌లు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి కుంగుబాటు, ఆందోళన లక్షణాలను అడిగి నమోదు చేశారు. అవసరమైనవాళ్ళను ఆరోగ్య కేంద్రం వైద్యుడి దగ్గరికి పంపారు. మానసిక జబ్బంటే సిగ్గుపడనక్కర్లేదని ఊళ్ళలో ప్రచారం చేశారు. తొలి విడతలో చికిత్స కోసం వెళ్ళినవాళ్ళ శాతం 0.8 నుంచి 12.6కు పెరిగింది. పోల్చి చూడటానికి రెండో జట్టు లేని విడత అది. కాబట్టి ఆ పెరుగుదలంతా కార్యక్రమం వల్లేనని చెప్పలేం. తర్వాత అదే కార్యక్రమాన్ని ఆంధ్రప్రదేశ్, హర్యానాల్లో నియంత్రిత పరీక్షగా నడిపారు. నాటువైద్యం నుంచి నగరం ఆసుపత్రి దాకా తిరిగి అలిసిపోయే కుటుంబాలకు ఇలాంటి పరిశోధన చేసే మేలు కొత్త మాత్ర ఏదీ చేయలేదు. దీనికి పేటెంటు ఉండదు కాబట్టి ఏ కంపెనీ డబ్బు పెట్టదు. పెట్టవలసింది ప్రభుత్వం, మండలి.

ఇక నమోదు పట్టిక. పరీక్ష మొదలు కాకముందే దాని ఉద్దేశం, కొలత, రోగుల సంఖ్య బహిరంగంగా రాసిపెడితే, ఫలితం చూసి కొలత మార్చుకోవడం, ఓడిన పరీక్షను మాయం చేయడం కష్టమవుతాయి. సీటీఆర్ఐ 2007 జులై 20న మొదలైంది. 2009 జూన్ 15 నుంచి నమోదు తప్పనిసరి అయింది. రోగిని చేర్చుకోకముందే నమోదు చేయాలన్న నిబంధన కూడా వచ్చింది. ఇవి మంచి పనులు. నమోదు నియమాలు వచ్చిన తర్వాత పరిస్థితి కొంత మెరుగైందనడానికి సాక్ష్యం కూడా ఉంది. టర్నర్ 2022లో మరికొందరితో కలిసి కొత్త తరం కుంగుబాటు మందులను మళ్ళీ పరిశీలిస్తే, ఓడిన పరీక్షల్లో ఉన్నది ఉన్నట్టు అచ్చయినవి దాదాపు సగానికి పెరిగాయి. మిగిలిన సగం ఇంకా చీకట్లోనే ఉంది.

నమోదు చేయడం ఒక ఎత్తు, ఫలితం రాయించడం ఇంకో ఎత్తు. 2017 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారు చేసిన ఉమ్మడి ప్రకటన మీద మొదట్లోనే సంతకం చేసిన సంస్థల్లో భారత వైద్య పరిశోధన మండలి ఒకటి. ట్రయల్ ముగిసిన 12 నెలల్లోపు ఫలితాల సారం నమోదు పట్టికలో కనిపించాలని, 24 నెలల్లోపు పత్రికలో ప్రచురితం కావాలని ఆ ప్రకటన చెబుతుంది. ఆ మాట మండలి తన డబ్బుతో నడిచే పరీక్షలకు మాత్రమే ఇచ్చినదని సరిపెట్టుకోవచ్చు. కాని పట్టిక నడిపేదీ మండలే అయినప్పుడు, పట్టికలో ఉన్న ప్రతి పరీక్షకూ ఆ గడువు వర్తింపజేయడమే న్యాయం. గడువు దాటిన పరీక్షల జాబితాను సంస్థల పేర్లతో సహా ఏటా ప్రకటించాలి. ఫలితం రాయని పరిశోధకుడికి మండలి నుంచి కొత్త నిధులు ఆగిపోవాలి. చట్టం మారేదాకా ఆగనక్కర్లేని పనులివి.

కంపెనీలను మాత్రమే వేలెత్తి చూపితే సరిపోదు. సీటీఆర్ఐలో కనిపించే పరీక్షల్లో చాలా భాగం వైద్య కళాశాలల పీజీ విద్యార్థుల థీసిస్‌లు. కుంగుబాటు మీద కూడా ఏటా ఎన్నో నమోదవుతాయి. డిగ్రీ చేతికి రాగానే అవి కళాశాల గ్రంథాలయంలో అట్టల మధ్య ఉండిపోతాయి. నలభై యాభై మంది రోగులతో చేసినదైనా సరే, పద్ధతి ప్రకారం చేసి ఉంటే, పదింటిని కలిపితే ఒక జవాబు వస్తుంది. డిగ్రీ పరీక్షకు ముందే ఫలితాల సారాన్ని పట్టికలో రాయడం నియమం చేస్తే ఖర్చు ఏమీ లేదు. యోగా, అశ్వగంధ లాంటి వాటి మీద జరిగే ట్రయల్స్‌కూ ఇదే నియమం వర్తించాలి. మన సంప్రదాయం మీద గౌరవం ఉన్నవాళ్ళు దాన్ని పరీక్షకు నిలబెట్టడానికి భయపడకూడదు. ఓడిన ఫలితాన్ని దాచడానికి అసలే పూనుకోకూడదు.

సమ్మతి పత్రం సంగతి తెలుగువాళ్ళకు ఒకసారి చేదుగా తెలిసివచ్చింది. 2009లో ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖ క్యాన్సర్ టీకా అధ్యయనంలో హాస్టళ్ళలో ఉన్న గిరిజన బాలికల తరఫున తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకాలు పెట్టారని పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013 నివేదికలో తప్పుపట్టింది. ఆ టీకా మంచిదా కాదా అన్నది వేరే విషయం. అడగవలసిన మనిషిని అడగకపోవడం ఇక్కడి తప్పు. కుంగుబాటు రోగి విషయంలో ఆ తప్పు ఇంకా సులువుగా జరుగుతుంది. తానెందుకూ పనికిరానని నమ్మే మనిషి దేనికైనా సరే అంటాడు. భర్త తెచ్చి కూర్చోబెట్టిన భార్య కాగితం చదవకుండా వేలిముద్ర వేస్తుంది. అందువల్ల కుంగుబాటు ట్రయల్స్‌కు సమ్మతి ఒక్క రోజులో తీసుకోకూడదు. కుటుంబం లేని గదిలో, రోగి మాట్లాడే తెలుగులో, ప్లాసిబో రావచ్చన్న సంగతి, ఎప్పుడైనా తప్పుకోవచ్చన్న సంగతి చెప్పి, ఒకటి రెండు రోజుల తర్వాత మళ్ళీ అడగాలి. బాధ ఎక్కువైతే రాత్రివేళ కూడా ఫోన్ చేయగల మనిషి ఎవరో, ప్రభుత్వ సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరుతో సహా, ఆ కాగితం మీద ఉండాలి.

ట్రయల్ ముగిసిన రోజున రోగికి ఏమవుతుందన్నది నైతిక సంఘాలు తగినంతగా అడగని ప్రశ్న. పన్నెండు వారాలు ఒక మందు మీద కుదుటపడిన మనిషికి పదమూడో వారం ఆ మందు ఆగిపోతే, ఆ తిరగబెట్టే జబ్బుకు బాధ్యత పరిశోధనదే. ఆపవలసి వస్తే మెల్లగా తగ్గించే పద్ధతి, ఆపిన తర్వాత కనీసం ఆరు నెలల పర్యవేక్షణ, దగ్గరి ఆరోగ్య కేంద్రానికి పూర్తి వివరాలతో ఉత్తరం ప్రణాళికలో భాగం కావాలి. అలాగే ఎవరికి ఏ మందు పడింది, మొత్తం మీద ఏం తేలింది అన్నది పాల్గొన్న ప్రతి ఒక్కరికీ ఒక్క పేజీలో, వాళ్ళ భాషలో అందాలి. నమోదు పట్టికలో ఫలితం రాసే గడిలోనే ఆ పేజీని కూడా జతచేయమని మండలి అడగవచ్చు. ఆ పేజీ జతకాని పరీక్షను ముగిసినట్టు లెక్కించకుండా ఉండవచ్చు.